నిబ్బరం తిన్న చెరువు

జమ్ములంకలో నాంచారమ్మ భయపడనిది ఏదైనా ఉందా అని అడిగితే, ఊరివాళ్ళు కాసేపు ఆలోచించి "చేపముల్లు" అనేవారు. అదొక్కటే. మిగతావన్నీ ఆవిడకు భయమే. ఉరిమితే భయం. కరెంటు పోతే భయం, వస్తే ఏ బల్బు పేలుతుందోనని భయం. ఫోను మోగితే భయం, మోగకపోతే మరీ భయం. కొల్లేరు పొంగిన ఏడాది ఇంట్లోకి నడుం లోతు నీళ్ళొస్తే, కొడుకును చంకనేసుకుని, కూతుర్ని మెడ మీద కూర్చోబెట్టుకుని, చూరు పట్టుకుని తెల్లవార్లూ నిలబడిందట. నీళ్ళు ఇంట్లోంచి దిగిపోయాయి గానీ ఆవిడ గుండెలోంచి దిగలేదు. కీడెంచి మేలెంచమన్నారు పెద్దలు. నాంచారమ్మకు కీడెంచడంలోనే పొద్దు గడిచిపోయేది, మేలు దాకా ఎప్పుడూ రాలేదు.

ఆ కూతురే సత్యవేణి. చదువుకుంది, చేపల మేత మీద పరిశోధన చేసి డాక్టరేటు తెచ్చుకుంది, ఒక పిల్లకు తల్లయింది. అయినా పుట్టింట్లో ఉన్నన్నాళ్ళూ పొద్దున్నే స్కూటర్ తీసేసరికి అమ్మ గేటు పట్టుకుని నిలబడేది.

"మెల్లిగా ఎల్లు. లారీ ఎనకాల పోకు. ఎల్లగానే ఫోను చెయ్యి. ఆ టోపీ బిగించావా? ఏదీ, చూడనీ."

"అమ్మా, హెల్మెట్ అది."

"ఏదో ఒకటి. బిగించావా లేదా?"

ఈ అష్టోత్తరం పూర్తయితేగానీ స్కూటర్ కదిలేది కాదు. సత్యవేణి విసుక్కునేది. వంతెన దాటాక నవ్వుకునేది. వెళ్ళగానే మరిచిపోకుండా ఫోను చేసేది.

అంత భయస్తురాలి కడుపున పుట్టి, భయానికి మందు కనిపెట్టాలనుకోవడంలో వింతేమీ లేదు. కాకపోతే మనుషులకు కాదు, చేపలకు.

పరిశోధన కేంద్రంలో ఆ వేళ రెండు గాజుతొట్టెలు పక్కపక్కన పెట్టి ఉన్నాయి. రెండింట్లోనూ ఒకే ఈడు శీలావతి చేపపిల్లలు. కొంగ ముక్కులా చెక్కిన పుల్లను సత్యవేణి మొదటి తొట్టెలో ముంచింది. పిల్లలన్నీ చెల్లాచెదురై, నోటికందిన మేత కూడా వదిలేసి, మూలల్లో ఒకదాని మీద ఒకటి పడ్డాయి. ఆమె టీ తాగి వచ్చినా వాటిలో ఒక్కటి కూడా మేత ముట్టలేదు. తరవాత అదే పుల్లను రెండో తొట్టెలో ముంచింది. ఒక చేపపిల్ల తీరుబడిగా దగ్గరకొచ్చి, పుల్లను పొడిచి చూసి, ఇది తినేది కాదని తేల్చుకుని మేత దగ్గరికి వెళ్ళిపోయింది.

కేంద్రం అధిపతి డాక్టర్ కృపానందం గారు వంగి చూసి, "పెద్దయితే ఇది సర్పంచ్ అవుతుందమ్మా" అన్నారు.

"చేప తిన్నదాంట్లో సగం భయానికే పోతుంది సార్. కొంగ నీడ పడినా ఖర్చే, వల చప్పుడైనా ఖర్చే. మిగిలిందే ఒంటికి పడుతుంది. బెదిరిన చేపకే పుండ్లు పడతాయి, బెదిరిన చేపకే తెగుళ్ళు తగులుతాయి. దాని బెదురు తీసేస్తే మిగతాది అదే చూసుకుంటుంది."

రెండో తొట్టె మేతలో కలిపింది, కొల్లేటి అడుగు బురదలో దొరికిన ఒక నాచును ఎండబెట్టి, దానిలోంచి తీసిన పచ్చటి పొడి. మేతలో చిటికెడు కలిపితే చాలు. రెండో తొట్టెలో పిల్లలు మొదటి తొట్టెలో వాటికి దాదాపు రెండింతలు ఉన్నాయి. దానికి సత్యవేణి పెట్టిన పేరు నిబ్బరం.

తొట్టెలో గెలిచింది చెరువులో గెలవాలి. అందుకు చెరువిచ్చినవాడు ఆమె అన్న ఏడుకొండలు. తెగులుకు చేపలు తెల్లకడుపులతో పైకి తేలి, వరసగా రెండు పంటలు పోగొట్టుకున్న మనిషి. ఈసారి కూడా పోతే చెరువు వదిలేసి పరాయివాళ్ళ గట్ల మీద కాపలాకు పోవాల్సిందే. అతని భార్య పురిటికి పుట్టింటికి వెళ్ళింది. సత్యవేణి భర్త విశాఖ ఓడరేవులో పని, సెలవు దొరికితే వస్తాడు. అందుకని ఆమె నాలుగేళ్ళ కూతురు జున్నును తీసుకుని, పరీక్ష అయ్యేదాకా అన్నగారింట్లోనే దిగింది. జున్నును చూసుకునే పని అమ్మమ్మది. నాంచారమ్మ ఆ పిల్ల గౌను తన కొంగుకు ముడేసుకుని తిరగడం ఒక్కటే తక్కువ.

"అన్నయ్యా, ఒకటే మాట. పరీక్షలన్నీ అయి, అమ్ముకోవచ్చని కాయితం వచ్చేదాకా ఈ చెరువులోంచి ఒక్క చేప కూడా బయటికి పోకూడదు" అని సత్యవేణి చెప్పింది.

"నా కంఠంలో ప్రాణం ఉండగా పోదమ్మడూ" అన్నాడు ఏడుకొండలు.

అన్నట్టే కాపలా కాశాడు. చిల్లులు పొడిచిన గోతాల్లో తవుడూ వేరుశనగ చెక్కా నింపి, నిబ్బరం కలిపి, చెరువు పొడవునా వెదురు గడలకు కట్టేవాడు. చేపలు కింద చేరి గోతాన్ని చప్పరించేవి. బేరగాళ్ళు వచ్చి గట్టెక్కబోతే కింది నుంచే పంపేసేవాడు.

మొదటి ఆదివారం బరువు చూడడానికి విసురువల వేశాడు. వల బిగిసింది. లాగుతుంటే అతని ముఖం మారిపోయింది.

"ఇదేంటే? వల ఊగదేంటి?"

వలలో చేపలు ఉన్నాయి. ఒక్కటీ ఎగరలేదు. గట్టు మీద పోస్తే తోకలు మెల్లిగా ఆడిస్తూ పడుకున్నాయి. ఏడుకొండలు ఒక బొచ్చె చేపను చేతిలోకి తీసుకున్నాడు. అది జారిపోవాలని చూడలేదు. గుండ్రటి కంటితో అతన్నే చూస్తూ ఊరుకుంది. పుట్టి బుద్ధెరిగాక ఎగరని చేపను అతను ఎప్పుడూ చూడలేదు. చచ్చిన చేప తప్ప.

"బాగానే ఉన్నాయంటావా?"

"బరువు చూడు" అంది సత్యవేణి.

చూశాడు. రెండోసారి చూశాడు. కాటా తిరగేసి మళ్ళీ చూశాడు. తరవాత కాటాను గట్టు మీద పడేసి చెల్లెల్ని పట్టుకుని గిరగిరా తిప్పాడు. ఇద్దరూ నవ్వుకుంటూ బరువు చూసిన చేపలను తట్టలో వేసి, తడిగోనె కప్పి, గట్టు దిగారు.

అలా వారం వారం బరువు చూడడం, సంతోషించడం అలవాటయింది. ఆ రోజుల్లోనే ఇంట్లో ఇంకో మంచి జరిగింది.

ఒక సాయంత్రం నల్లటి మబ్బు పట్టి, గోడలు అదిరేలా ఉరిమింది. సత్యవేణి అలవాటుగా అమ్మ కోసం చూసింది. ఉరిమిందంటే నాంచారమ్మ దుప్పటి కప్పుకుని "అర్జునా, ఫల్గుణా" అని మూల చేరాలి. ఆవిడ అరుగు మీద కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది.

"అమ్మా, ఉరిమింది."

"విన్నానే. వానొస్తే వొడియాలు తడుస్తాయి, తీసుకురా."

అంతే. మర్నాడు గేటు దగ్గరికి రాలేదు. వెళ్ళొస్తానని కేకేస్తే లోపల్నుంచే "ఊఁ" అంది. ఆ రోజు సత్యవేణి ఫోను చేయడం మరిచిపోయింది, అటునుంచీ రాలేదు. అన్నింటికన్నా నాంచారమ్మ నిద్రపోయింది. అర్ధరాత్రి లేచి అందరి ముక్కుల దగ్గరా వేలు పెట్టి ఊపిరి చూసే మనిషి, తెల్లారి ఎండ ముఖాన పడేదాకా పడుకుంది. లేచి, "ఎన్నాళ్ళకి నిద్రపోయానే! ఒళ్ళు తేలిగ్గా ఉంది" అని చిన్నపిల్లలా నవ్వింది. కళ్ళ కింది నల్లచారలు తగ్గాయి. సత్యవేణికి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"ఏంటన్నయ్యా ఇది?"

"ముసలితనం వస్తే భయం పోద్దంటారుగా. మన అదృష్టం" అన్నాడు ఏడుకొండలు. అతను కూడా ఈమధ్య బాగా నవ్వుతున్నాడు. పంట బాగుంటే ఏ రైతు నవ్వడు?

గేటు దగ్గర అష్టోత్తరం లేకుండా స్కూటర్ తీయడం మాత్రం సత్యవేణికి కొంచెం వెలితిగా ఉండేది. సుఖం వచ్చినప్పుడు కూడా ఏదో ఒక వంక వెతుక్కోవడం మనిషి గుణమని సర్దుకునేది.

ఒక మధ్యాహ్నం ల్యాబులో ఉండగా అన్న ఫోను చేశాడు.

"అమ్మడూ, ఓ తమాషా. నీటికాకులు లేవట్లేదే."

చెరువుల మీద నీటికాకుల బెడద మామూలే. మునిగి చేపల్ని ఎత్తుకుపోతాయి. టపాకాయ పేలిస్తే కొల్లేటి అవతలి ఒడ్డుకు ఎగిరిపోతాయి.

"లేవకపోవడమేంటి?"

"టపాకాయ పక్కనే పేలినా కూర్చునే ఉన్నాయి. ఒకదాన్ని చేత్తో ఎత్తి అవతల పెట్టాను. మళ్ళీ నడుచుకుంటూ వచ్చింది!" అని పడీ పడీ నవ్వాడు.

సత్యవేణికి నవ్వు రాలేదు. స్కూటర్ మీద ఎలా వచ్చిందో ఆమెకే తెలియదు. గట్టు మీద ఒక నీటికాకి రెక్కలు ఆరబెట్టుకుంటోంది. దగ్గరికి వెళ్ళింది, కదలలేదు. వంగి వీపు మీద చెయ్యి వేసింది. అది మెడ తిప్పి చూసి, మళ్ళీ ఎండకు రెక్కలు చాపుకుంది.

చేప తిన్నది చేపతో ఆగలేదు. చేపను తిన్నదానికీ ఎక్కింది.

"అన్నయ్యా, నిజం చెప్పు. ఈ చెరువు చేప ఒక్కటైనా బయటికి పోయిందా?"

"అమ్మ మీద ఒట్టు. ఒక్కటి కూడా పోలేదు."

అన్న అబద్ధమాడే మనిషి కాదు. ఆమెకు ప్రాణం లేచివచ్చింది. గట్టు మీదే కూలబడి ఊపిరి పీల్చుకుంది.

"ఎండనబడి వచ్చావ్, ఇంటికెల్లి ఇంత తిను. అమ్మ మామిడికాయేసి పులుసు పెట్టింది. నువ్వు తినవనుకో. జున్ను మాత్రం లాగించేసింది. ముళ్ళు తీసి పెట్టేసరికి అమ్మ చేతులు నొప్పెట్టాయంట."

చేపల డాక్టరమ్మ చేప తినదని ఇంట్లో అందరూ ఆమెను ఆటపట్టిస్తారు. రోజంతా చేపల్ని కోసి చూసే చేత్తో ఆమెకు ముద్ద దిగదు. ఆ వాసన ఒంటికి పట్టేసి, ఇంట్లో ఏం ఉడుకుతున్నా ముక్కుకు తెలియదు.

"పులుసు దేంతో పెట్టింది?"

"దేంతో ఏంటే, ఆదివారం బరువు చూసినవాటితో."

"ఒక్కటి కూడా బయటికి పోలేదన్నావు!"

ఏడుకొండలు నిజంగానే ఆశ్చర్యపోయాడు. "అది కూర చేపేగా? కూర చేప బయటికి పోవడమేంటి?"

జమ్ములంకలో గట్టెక్కిన చేపను మళ్ళీ నీళ్ళలో దించరు, చెరువుకు కీడంటారు. అది వల వేసినవాడింటికి పోతుంది. దాన్ని ఎవరూ అమ్మకంలో చెప్పరు, తిండిలో చెప్పరు, లెక్కలో చెప్పరు. అది చేప కాదు, కూర. ఈ సంగతి సత్యవేణికి ఊహ తెలిసినప్పటినుంచీ తెలుసు. తట్టలో వేసింది తనే. తడిగోనె కప్పింది తనే. తెలుసు గనకే తట్టలేదు.

ఉరుముకు లేవని అమ్మ గుర్తొచ్చింది. గేటు దగ్గరికి రాని అమ్మ గుర్తొచ్చింది.

"జున్ను ఎక్కడుంది?"

"అమ్మ దగ్గరే. అదుగో ఆ గట్టున, దోనెలో ఆడుకుంటోంది" అన్నాడు ఏడుకొండలు నిమ్మకు నీరెత్తినట్టు.

చెరువు అవతలి గట్టున నాంచారమ్మ కాళ్ళు చాపుకుని కూర్చుని ఉంది. మేత కట్టే చిన్న దోనె ఒడ్డున లేదు. చెరువు మధ్యకు కొట్టుకుపోయింది. అందులో జున్ను ఒక్కతే, అంచు మీద బోర్లా పడుకుని రెండు చేతులూ నీళ్ళలో పెట్టింది. దోనె చుట్టూ చేపలు మూగి పిల్ల వేళ్ళు చప్పరిస్తున్నాయి. జున్ను కిలకిలా నవ్వుతోంది.

"జున్నూ! వెనక్కి జరుగు! కదలకు!"

పిల్ల తల్లిని చూసి సంతోషంగా చెయ్యి ఊపింది. ఆ ఊపులో దోనె ఒరిగింది. పిల్ల నీళ్ళలో పడిన చప్పుడు కూడా పెద్దగా రాలేదు. నీళ్ళలో పడ్డ పిల్ల కొట్టుకోవాలి, అరవాలి. జున్ను ఏమీ చేయలేదు. అలాగే దిగిపోయింది.

సత్యవేణి దూకింది. కొల్లేట్లో పుట్టిన పిల్ల, ఈతకు లోటు లేదు. కానీ మనిషి దూకితే నీళ్ళు ఇచ్చే దారి ఆ చెరువు ఇవ్వలేదు. చేపలు తప్పుకోలేదు. భుజాలకు, రొమ్ముకు, ముఖానికి బరువుగా తగులుతూ ఉన్నచోటే ఉన్నాయి. గోడను తోసుకుంటూ పోయినట్టు వాటిని తోసుకుంటూ పోయింది. దోనె దగ్గరికి చేరి తల పైకెత్తితే పచ్చటి నీళ్ళు తప్ప ఏమీ లేదు. బుడగ కూడా లేదు.

"కాస్త ఎడమకే" అంది గట్టు మీంచి నాంచారమ్మ.

ఆవిడ గొంతులో వణుకు లేదు. కిటికీ ఊచ మీద మరిచిపోయిన దువ్వెన ఎక్కడుందో చెప్పినట్టు చెప్పింది.

"ఇంకాస్త ఎడమకి. ఆఁ, అక్కడే మునిగింది."

సత్యవేణి మునిగింది. చేతికి చేప తగిలింది, చేప తగిలింది, గౌను తగిలింది.

ఒడ్డున వీపు మీద చరిస్తే జున్ను నీళ్ళు కక్కింది, దగ్గింది, కళ్ళు తెరిచింది. తల్లి ముఖం చూసి, "అమ్మా, మళ్ళీ వెల్దామా?" అంది.

నాంచారమ్మ లేచి వచ్చి కొంగుతో పిల్ల తల తుడిచింది. "జలుబు చేసుద్ది. పొడిబట్టలు కట్టాలి."

"చూస్తూ కూర్చున్నావా అమ్మా?"

"చూశానే. దోనె కదుల్తున్నప్పుడే చూశాను. పడుద్దేమో అనుకున్నాను. పడ్డాక లేస్తదిలే అనుకున్నాను. లేవకపోతే చచ్చిపోద్ది కదా అని కూడా అనుకున్నానే." ఆవిడ ఆగి, లోపల ఏదో వెతుక్కుంటున్నట్టు కనుబొమలు ముడిచింది. "ఏమీ అనిపించలేదు."

మర్నాడు ల్యాబులో తేలింది. పులుసులో ఎంత ఉడికినా విరిగిపోదు నిబ్బరం. చేప కొవ్వులో దాక్కుని తిన్నవాళ్ళ కొవ్వులో చేరుతుంది. తినడం మానితే, తొట్టెల్లో చేపలకు దిగినట్టే, కొన్ని వారాలకు దానంతటదే దిగిపోతుంది. కొంగ ముక్కునూ పిల్ల చావునూ అది వేరు చేసి చూడలేదు. మనకోసం పడే భయమూ, మనవాళ్ళ కోసం పడే భయమూ ఒకే కుండలో నీళ్ళని, కుండ పగిలితే రెండూ పోతాయని సత్యవేణి అన్ని తొట్టెలు పెట్టి కూడా ఆలోచించలేదు. చేపలు పిల్లల కోసం భయపడవుగా.

కృపానందం గారు పచ్చపొడి సీసాను చాలాసేపు చేతిలో తిప్పారు.

"మా ఆవిడ మూడేళ్ళుగా వీధి గుమ్మం దాటలేదమ్మా. తలుపు చప్పుడైతే ఒళ్ళంతా చెమట. ఒక్క ముక్క... ఒక్క ముక్క తింటే కాసేపు అరుగు మీద కూర్చుంటుందేమో."

ఆయన అడుగుతున్నది తననో, ఆ సీసానో సత్యవేణికి తెలియలేదు. చివరికి ఆయనే మూత బిగించి బీరువాలో పెట్టి తాళం వేశారు. "చెరువు ఖాళీ చేయించాలి. ఒక్కటి మిగలకూడదు. కూర చేపతో సహా" అన్నారు. "పై నుంచి కాయితం రావడానికి మూడు నాలుగు వారాలు పట్టచ్చు."

"వద్దు సార్. ఈ వారంలోనే కానివ్వండి. మా అన్నయ్యకు భయం తిరిగి రాకముందే."

దయ అనుకునే అంది ఆ మాట. తన చేత్తో అన్న పంటను పూడ్పిస్తున్నప్పుడు, అతను కుమిలిపోవడం కళ్ళారా చూడలేనని కూడా అంది, లోపల.

పక్క ఊరినుంచి వలవాళ్ళు వచ్చారు. పెద్ద వల రెండు గట్లకూ సాచి లాగారు. మామూలుగా అయితే ఆ వేళకు చెరువంతా తెల్లగా ఎగిరిపడాలి. కేకలు, నవ్వులు ఉండాలి. ఏమీ లేవు. చేపలు వరసగా, బుద్ధిగా వల వెంట నడిచొచ్చాయి. వలవాళ్ళలో పెద్దాయన, వాటిని పూడ్చడానికి తవ్విన గోతి దగ్గర ఆగిపోయాడు.

"చేతులు రావట్లేదమ్మా. తప్పించుకుపోయేదాన్ని పడతాం గానీ, నమ్మొచ్చినదాన్ని ఎలా పూడుస్తాం?"

"పూడ్చెయ్యండి బాబాయ్. పోతే పోయింది" అన్నాడు ఏడుకొండలు. తనే పార తీసుకుని మొదటి మట్టి వేశాడు. సున్నం చల్లించాడు. మధ్యాహ్నం కడుపునిండా అన్నం తిని పడుకున్నాడు. చీమ కుట్టినట్టయినా లేదు. సత్యవేణికి తేలిగ్గా అనిపించింది.

ఆ తేలిక ఎన్నాళ్ళో నిలవలేదు. ఒక పొద్దున ఏడుకొండలు నోట్లో పళ్ళపుల్లతో చెరువు వైపు వెళ్ళినవాడు అలాగే తిరిగొచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. ముఖం పాలిపోయి ఉంది.

"అమ్మడూ, నా చేపలన్నీ పూడ్చేశామేంటే?"

"అన్నయ్యా..."

"మట్టి నేనే వేశానుగా. మరి నేనెక్కడున్నాను అప్పుడు?" అతను గడప మీద కూలబడి వెక్కి వెక్కి ఏడ్చాడు. "నా పంట పోయిన రోజు నన్ను ఏడవనివ్వలేదేంటే నువ్వు? ఇప్పుడు ఎవరి ముందు ఏడవను? ఊరంతా మరిచిపోయారు."

సత్యవేణి అన్న పక్కన కూర్చుంది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు అతని చెయ్యి పట్టుకుని కూర్చుంది. పక్కనే నాంచారమ్మ కొడుకు ఏడుపును చూస్తూ చల్ల చిలుకుతోంది.

ఆవిడకే ఇంకా నిబ్బరం దిగలేదు. ఒళ్ళున్న మనిషి, పైగా పులుసులో తలకాయలన్నీ ఆవిడవే. సత్యవేణి సెలవు పెట్టి జున్నును క్షణం వదలకుండా కాచుకుంటోంది. తన తల్లి ముందు తన పిల్లకు కాపలా కాయవలసి రావడం ఆమెకు నరకంగా ఉంది.

"నాకు మళ్ళీ వచ్చేసుద్దంటావా ఆ భయం?" అని ఒకరోజు నాంచారమ్మ అడిగింది.

"వస్తుందమ్మా."

"రాకపోతే బాగుండు." ఆవిడ మామూలుగానే అంది. "సుఖంగా ఉందే. ఆ వరదప్పటినుంచీ ఇట్టా లేను. నీ దగ్గర ఇంకొంచెం ఉంటే ఇవ్వరాదూ?"

తల్లి జీవితం మొత్తంలో తనకోసం అడిగినది అదొక్కటే. బీరువాలో సీసా ఉంది. అడిగితే కృపానందం గారు తాళం ఇస్తారు, కాదనలేరు. ఆ రోజంతా సత్యవేణి ఆ తాళం గురించే ఆలోచించింది. సాయంత్రానికి ఇవ్వకూడదని నిర్ణయించుకుంది. జున్ను కోసమని పైకి చెప్పుకుంది. అది నిజమే, కానీ సగమే. గేటు దగ్గర జాగ్రత్తలు చెప్పే అమ్మ ఆమెకు కావాలి. అమ్మ సుఖం కన్నా ఎక్కువగా కావాలి. అంత స్వార్థం తనలో ఉందని తెలిసి సిగ్గుపడింది. అయినా ఇవ్వలేదు.

ఆ తరవాత కొన్నాళ్ళకు, పట్టపగలు, నాంచారమ్మ అరుగు మీద చేటలో బియ్యం ఏరుతోంది. లోపల చాప మీద జున్ను నిద్రపోతోంది. సత్యవేణి పిల్ల బట్టలు మడత పెడుతోంది. చేట కిందపడిన చప్పుడైంది. బియ్యం అరుగంతా చిందాయి.

నాంచారమ్మ లేచి నిలబడి ఉంది. కళ్ళు ఎక్కడో ఉన్నాయి. నోరు తెరుచుకుంది గానీ మాట రాలేదు. తరవాత వచ్చింది. ఊరంతా వినేలా వచ్చింది.

"జున్నూ! పిల్ల! పిల్ల పడిపోయింది! ఎవరైనా రండ్రా, నా పిల్ల మునిగిపోతోంది!"

చెప్పుల్లేకుండా, కొంగు జారినా చూసుకోకుండా చెరువు వైపు పరిగెత్తింది. ఆ వయసులో అంత పరుగు ఎవరూ చూడలేదు. సత్యవేణి నిద్రపోతున్న జున్నును భుజాన వేసుకుని వెనకాల పరిగెత్తింది. "అమ్మా, పిల్ల ఇక్కడుంది! ఇదుగో, నా దగ్గరే ఉంది!" అని అరుస్తూనే ఉంది. వినబడితేగా.

నీళ్ళు తోడేసిన చెరువు. నెర్రెలు విచ్చిన అడుగు, పైన సున్నపు పొర. నాంచారమ్మ గట్టు మీంచి జారుతూ పడుతూ దిగింది. ఆ రోజు దోనె ఉన్నచోటికి వెళ్ళింది. "ఎడమకి, ఇంకాస్త ఎడమకి" అని గొణుక్కుంటూ, సరిగ్గా అక్కడ మోకాళ్ళ మీద పడి, గోళ్ళతో ఎండిన బురదను తవ్వడం మొదలుపెట్టింది. ఆ రోజు గట్టు మీద రావలసిన కేక ఇప్పుడొచ్చింది. ఆ రోజు వణకవలసిన చేతులు ఇప్పుడు వణుకుతున్నాయి.

సత్యవేణి వెళ్ళి ఆవిడ ముందు కూర్చుని, జున్నును ఆవిడ ఒళ్ళో పెట్టింది. నాంచారమ్మ పిల్ల తల తడిమింది. ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూసింది. మళ్ళీ చూసింది. అప్పుడు కూతురి వైపు తిరిగి భుజం మీద ఛెళ్ళున చరిచింది.

"బుద్ధుందా నీకు? పసిపిల్లని ఎవత్తో దగ్గర ఒదిలేసి ఎల్లిపోతావా? అది పిల్ల మునుగుతుంటే కాళ్ళు చాపుకుని చూస్తూ కూర్చుందే! చూస్తూ కూర్చుందే అది!"

"తప్పయిపోయిందమ్మా" అంది సత్యవేణి.

అమ్మమ్మ ఏడుపుకు జున్ను ఉలిక్కిపడి లేచింది. చుట్టూ ఎండిన చెరువును, సున్నం పూసుకున్న అమ్మమ్మ ముఖాన్ని చూసి బావురుమంది. తల్లి మెడ కరుచుకుని, "నాకు బయమేత్తంది, ఇంటికెల్దాం" అంది. ఇన్ని వారాల్లో ఆ పిల్ల నోట ఆ మాట రావడం అదే మొదలు. సత్యవేణికి ఏడుపూ నవ్వూ కలిసే వచ్చాయి.

ముగ్గురూ లేచారు. నాంచారమ్మకు ఇక నిద్ర ఉండదు. ఇవాళ రాత్రి నుంచి అందరి ముక్కుల దగ్గరా వేలు పెట్టి చూస్తుంది. ఉరిమితే మూల చేరుతుంది. ఆ సుఖాన్ని ఆవిడ దగ్గర్నుంచి లాక్కున్నది తనేనని సత్యవేణికి తెలుసు.

"మెల్లిగా ఎక్కు, జారుద్ది" అంది నాంచారమ్మ గట్టు కింద ఆగి. "పిల్లని ఇటియ్యి. ఒద్దు, ఒద్దు, నా చేతులు ఒణుకుతున్నాయి. నువ్వే పట్టుకో. పట్టుకున్నావా? ఏదీ, చూడనీ."

సత్యవేణి ఆగి, చూపించింది.